గెడ్డలోకి దిగిన అడ్డనార తాడు

దెయ్యాలున్నాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. అనుకుంటే నాకు కూడు రాదు. తెల్లారకముందే లేచి ఒక్కదాన్నే అడివిలోకి పోయి అడ్డాకులు కోసుకొచ్చి, విస్తర్లు కుట్టి సంతలో అమ్ముకునే మనిషిని. చెట్టు కదిలినా, పొదలో ఏదో పలికినా ఆగి చూసే తీరిక నాకు ఏ రోజూ లేదు. పైగా మేం ప్రార్థనకి పోయేవాళ్ళం. అలాంటివి లేవని అక్కడ చెప్పేవారు. నాకూ అదే బాగుండేది.

ఇప్పుడు ఉన్నాయని చెప్పడానికి కాదు ఇది. జరిగింది జరిగినట్టు చెప్తాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తూంటే మా మందిరంలో పిల్లలకి పాటలు నేర్పే ఆడగుంట రాస్తోంది. మధ్యలో అడ్డం రాకే, ఆగితే మళ్ళీ మొదలెట్టే ఓపిక లేదు నాకు అని ముందే చెప్పేను. గొంతు కూడా ఇంతే. గీరుకుపోయి ఉంటుంది. అది కూడా ఆ రాత్రి వచ్చిందే.

మాది అరకు నుంచి ఇంకా లోపలికి, జీపు దిగేక కాఫీ తోటల మధ్య నుంచి నడిచి ఎక్కాల్సిన ఊరు. మెట్ట మీద చోళ్ళు, సామలు వేసుకుంటాం. అడివిలో దొరికింది తెచ్చుకుంటాం. మా ఇంటాయన తేనె తీసేవాడు.

కొండతేనె పట్టే బండలు నిలువుగా ఉంటాయి. కిందనుంచి ఎక్కలేరు. పైనుంచి తాడు మీద దిగాలి. ఆ తాడు అంగట్లో కొన్నది కాదు. అడ్డతీగ నార తీసి, పొగలో ఎండబెట్టి పేనుకున్నది. పైన ఆ తాడుని చెట్టుకి ఒక్క చుట్టు తిప్పి, మనిషి పట్టుకుని కూర్చుంటాడు. ముడి వెయ్యరు. ముడేసి వదిలేస్తే కిందవాడికి ఏం కావాలో చెట్టుకి ఎలా తెలుస్తుంది అంటారు.

పట్టుకునేవాడు ఎవడు పడితే వాడు కాకూడదు. దిగేవాడి పెళ్ళానికి తోడబుట్టినవాడే పట్టుకోవాలి. సొంత అన్నదమ్ములకైనా నేల తగువులుంటాయి, బామ్మర్ది మాత్రం తోడబుట్టినదాని మొహం చూసైనా వదలడు అని మా పెద్దల లెక్క. అందుకే తీసిన తేనెలో మొదటి వంతు తాడు పట్టుకున్నవాడిది. అది వాడి హక్కు. ఎవరూ కాదనరు.

మా ఇంటాయనకి తాడు పట్టింది నా తమ్ముడు బుద్రు. నాకంటే చిన్నవాడు. పేనింది కూడా వాడే. నడుంకి ఎక్కడ చుట్టుకోవాలో గుర్తుగా ఉంటుందని నా పాత ఎర్రచీర కొంగు చింపి ఆ నారలో కలిపి పేనేడు. వాడు పేనుతూంటే రెండో కొస పట్టుకున్నది నేనే. అందుకే ఆ తాడుని నేను కళ్ళు మూసుకుని పోల్చుకోగలను.

ఈగల రొదలో మాట వినపడదు కాబట్టి తాడుతోనే మాట్లాడుకుంటారు. కిందవాడు రెండుసార్లు లాగితే పైకి తియ్యమని. పైవాడు దానికి ఒక్క లాగు లాగుతాడు. పట్టుకున్నాను అని. ఆ లాగు అందేకే కిందవాడు బండ మీంచి కాలు తీస్తాడు. బుద్రుకి ఒక అలవాటు ఉండేది. ముందు తాడులో వదులంతా మెల్లగా తీసుకుని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లాగేవాడు. నా పెళ్ళి కాకముందు పనసకాయలు దించడానికి నేను చెట్టెక్కితే నా నడుంకి తాడు కట్టి వాడే పట్టుకునేవాడు. ఆ లాగు నా ఒంటికి తెలుసు. మా ఇంటాయన నవ్వేవాడు, నీ తమ్ముడు నన్ను పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుతాడే అని.

నేను చిన్నమ్మాయిని కని బాలింతగా ఉన్నప్పుడు మా ఇంటాయన పోయేడు. తేనెబండ మీంచి పడిపోయేడు. ఈగలు లేచి పైన బుద్రుని కూడా ముసిరేయట. తాడు తెగలేదు. మనిషితోపాటు తాడు మొత్తం కింద పడి ఉంది.

తెగని తాడు కింద పడిందంటే పైవాడు వదిలేసినట్టే అన్నారు ఊళ్ళో. బుద్రు రెండు అరచేతులూ తోలు ఊడిపోయి ఉన్నాయి. వదిలేసినవాడి చేతులు అలా అవుతాయా అని మా అమ్మ ఏడ్చింది. ఈగలు కుట్టేక ఒకసారి వదిలేసి, మళ్ళీ పట్టుకోబోతే అలా అయ్యాయి అని వాళ్ళు. ఎవరికి ఎలా కావాలంటే అలా చెప్పుకున్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా అత్త. కొడుకు పోయిన మనిషి, అనకుండా ఎలా ఉంటుంది.

మనిషి పోయిన తాడుని మేం ఇంటికి తేము. ఆయనతోపాటే గుంటలో పెట్టేరు. నాకు జ్వరం. ఇద్దరు ఆడోళ్ళు రెక్కలు పట్టుకుని తీసుకెళ్తే చూసేను. తాడు చుట్టచుట్టి ఆయన కాళ్ళ దగ్గర ఉంది. ఎర్ర పీలిక కనిపించింది. దాని మీద మట్టి వేసేరు.

బుద్రుని దగ్గరికి రానివ్వలేదు. కంచె అవతల నిలబడి ఉన్నాడు, చేతులకి గుడ్డలు చుట్టుకుని. నా వైపు చూసేడు. నేను లేచి వెళ్ళి అడిగే స్థితిలో లేను. కాస్త ఒంట్లో బాగయ్యేక అడుగుదాంలే అనుకున్నాను. ఆ సాయంత్రమే ఊరు వదిలి పోయేడు. మళ్ళీ రాలేదు. మారేడుమిల్లి వైపు వెదురు కొడుతూ కనిపించేడని ఒకరన్నారు, ఒడిశాలో రోడ్డు పనిలో ఉన్నాడని ఇంకొకరు. చూసినవాళ్ళెవరూ మాట్లాడినవాళ్ళు కాదు.

వాడు వదిలేడా, చేతుల్లోంచి జారిపోయిందా. ఆ ఒక్క మాట నాకు కావాలి. చెప్పగలిగినవాడు వాడొక్కడే. ఏళ్ళు గడిచిపోయాయి. సంతలో ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు, నీ తమ్ముడే కదా నిన్నిలా చేసేడు అని. అవునని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు. విస్తరి కట్టలు నెత్తి మీద పెట్టుకుని వచ్చేసేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటేక మా వైపు పట్నం వాళ్ళు రావడం ఎక్కువైంది. రైలు దిగి, గుహలు చూసి, కాఫీ తాగి పోయేవాళ్ళు కొందరు. ఇంకొందరు కొండలెక్కేవాళ్ళు. అలా ఒక ఏడు దసరా అయ్యేక విశాఖపట్నం నుంచి ప్రసాద్ అనే ఆయన, సునీత అనే అమ్మాయి, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చేరు. వాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు, దిగేవాళ్ళు. గెడ్డ, అదే కొండవాగు, పుట్టిన చోట నీళ్ళలో దిగి, ఆ నీళ్ళతోపాటే నడుస్తూ, ఈదుతూ, జలపాతం వచ్చిన చోట తాడు మీద జారుతూ కింద వంతెన దాకా రావాలి. అది వాళ్ళ సరదా. మా మొగాళ్ళు కూటికి చేసే పని వీళ్ళు సెలవు పెట్టుకుని చేస్తున్నారు అని నాకు నవ్వొచ్చింది. కానీ మంచివాళ్ళు. తాళ్ళు, బెల్టులు, తల మీద టోపీలు, అన్నీ జాగ్రత్తగా సర్దుకున్నారు.

నన్ను పిలిచింది మధ్యాహ్నం అన్నం వండి గెడ్డ మొదలు దాకా మోసుకురమ్మని. అక్కడికెళ్ళేక సామాన్లు పట్టుకుని వాళ్ళతో దిగాల్సిన మనిషి రాలేదు. సునీత, మాతో మీరు రండక్కా, నాకూ ఇంకో ఆడమనిషి తోడుంటుంది అంది. ఆ గెడ్డలో కింద సగం దాకా మా ఇంటాయనతో చేపలకి వెళ్ళి ఉన్నాను. సాయంత్రానికి వంతెన దగ్గర ఉంటాం అన్నారు. స్వెట్టర్లు, టార్చీలు, పొడిబట్టలు ఉన్న పెద్ద సంచి జీపులో వంతెన దగ్గరికి పంపించేసేరు. మాతో ఉన్నది ఒక టార్చీ, అన్నం క్యారేజీ, కొన్ని బిస్కట్లు.

పొద్దున బయల్దేరేటప్పుడు మా అత్త గుమ్మంలో కూర్చుని చిన్నదానికి తల దువ్వుతోంది. "ఆ గెడ్డ కాడ నీకేటి పని? అన్నం ఇచ్చీసి బేగి వచ్చీ" అంది. అలాగే అన్నాను.

నాకూ బెల్టులు కట్టి కాఫీ బస్తాని దించినట్టు దించేరు. మొదటి జలపాతం బాగానే అయింది. అందరూ దిగేక ప్రసాద్ తాడు ఒక కొస పట్టుకుని లాగేడు. పైన చెట్టు చుట్టూ తిరిగి మొత్తం తాడు జరజరా మా కాళ్ళ దగ్గర పడింది. తాడు అలా మొత్తంగా కింద పడటం నేను వినడమే కానీ చూడలేదు.

"తాడు వచ్చేస్తే పైన ఎవరుంటారు బాబూ?" అని అడిగేను.

"ఎవరూ అక్కర్లేదక్కా. ఇదే తాడు ముందుకి కావాలి. మనం వెనక్కి వెళ్ళేది లేదు" అన్నాడు.

వాళ్ళ పద్ధతి అది. తప్పని ఎవరూ అనలేరు. ఎన్నోసార్లు అలా దిగినవాళ్ళు. రెండో జలపాతం కల్లు గీసే జీలుగు చెట్టంత ఎత్తుంది. అదీ దిగేం. అక్కడా తాడు లాగేసేరు.

అక్కడే పాచిరాయి మీద సునీత కాలు మడతపడింది. చీలమండ వాచిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా పట్టుకుని నడిపిస్తూంటే పొద్దు ఎటు పోయిందో తెలీలేదు. మూడో జలపాతం అంచుకి వచ్చి ప్రసాద్ తాడు కట్టి కిందికి వదిలేడు. అప్పుడు నీళ్ళ రంగు మారింది. ఎర్రమట్టి రంగు. పైన కొండల్లో ఎక్కడో వాన కుమ్మేస్తోందన్నమాట. మా నెత్తి మీద చినుకు లేదు.

వెనక్కి రండి అని నేను అరిచేను. వచ్చేం కానీ, కట్టిన తాడుని నీళ్ళు లాక్కుపోయి కింద రాళ్ళ సందులో ఇరికించేశాయి. ముగ్గురు మొగాళ్ళు కలిసి లాగినా రాలేదు. చివరికి కోసేసేరు. మిగిలిన ముక్క బట్టలు ఆరేసుకోడానికి సరిపోతుంది.

కింద జలపాతం దిగలేం. పైది ఎక్కలేం. రెండు పక్కలా గోడలా బండ. పైజలపాతం పక్కన బండలో అరుగులాంటిది ఉంటే దాని మీద కూర్చున్నాం. టార్చీ తడిసి కాసేపు మిణుకుమని ఆరిపోయింది. అగ్గిపెట్టె ముద్దయిపోయింది. ప్రసాద్ ఎవరినీ కోప్పడలేదు, ఎవరూ ఆయన్నీ అనలేదు. ఆయన మాత్రం తడవ తడవకీ, సంచి జీపులో పంపకుండా ఉండాల్సింది అంటూ ఉన్నాడు.

పైన చోడి చేలకి కాపలా ఉండే పాకలు ఉంటాయని నాకు తెలుసు. పొద్దు పోయేటప్పుడు అందరం అరిచేం. వాళ్ళు తలొక మాట అరిచేరు, ఒకరు హలో అని, ఒకరు హెల్ప్ అని, ఒకరు ఎవరైనా ఉన్నారా అని. అరిచి చెవి పెట్టి వినేవారు. నేను పాకలో ఉండే గంగులు తాతని పేరు పెట్టి పిలిచేను. మా వైపు చీకటి పడ్డాక లోయలోంచి పిలుపు వస్తే, ఒకే పేరు మూడుసార్లు వినబడితే గానీ ఎవరూ పలకరు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు అని. నాకు తెలుసు అది. రెండోసారికే నా గొంతు చీలిపోయింది. మూడోసారి నోట్లోంచి గాలే వచ్చింది.

తర్వాత తెలిసింది, తాత విన్నాడట. మూడోది రాలేదని తలుపు మూసుకుని పడుకున్నాడట. వంతెన దగ్గర జీపు డ్రైవరేమో, వీళ్ళు పైనుంచే ఊళ్ళోకి పోయి ఉంటారులే అనుకుని నిద్రపోయేడు.

రాత్రి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చలి. నీళ్ళ హోరు. సునీత పళ్ళు టకటకలాడుతూంటే దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని తడి చీరే ఇద్దరికీ చుట్టేను. నన్ను పిల్లలెంతమంది అని అడిగింది. ఇద్దరు, ఆడగుంటలే అన్నాను. ఎవరి దగ్గరున్నారు అంది. మా అత్త దగ్గర అన్నాను. ఆవిడ పెద్దదా అంది. పెద్దదే అన్నాను. దాని ఒణుకు కాసేపటికి తగ్గింది. తగ్గితే మంచిదనుకున్నాను. ప్రసాద్ వచ్చి దాని చెంపలు తట్టి, అలా తగ్గకూడదక్కా, నిద్రపోనివ్వకండి అన్నాడు. ఆయన గొంతులో భయం అప్పుడే విన్నాను.

నీళ్ళు పెరుగుతున్నాయి. మొదట అరుగు కింద చప్పుడు. తర్వాత అరుగు అంచు తడి. తర్వాత నా పాదం. కాళ్ళు పైకి ముడుచుకున్నాం. ఇంక ముడుచుకోడానికి చోటు లేదు.

నాకు భయం కంటే విసుగొచ్చింది. నిజం చెప్తున్నాను. ఆయనా బండ మీదే పోయేడు, నేనూ బండ కిందే పోతానేమో, ఆ పిల్లలకి ఇంక ముసిల్దే గతి అనిపించింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. వెనక్కి వాలి బండకి తల ఆనించి కూర్చున్నాను.

చీకటి పలచబడుతున్న వేళ. ఇంకా మొహాలు కనపడటం లేదు గానీ, పైన మంచు తెల్లగా తెలుస్తోంది. నా భుజానికి ఏదో తగిలింది. ఊడిన తీగేమో అని తోసేసేను. మళ్ళీ వచ్చి తగిలింది. చెయ్యి వేసి పట్టుకున్నాను.

పేనిన నార. పొగ వాసన, మైనం వాసన. రాత్రంతా నీళ్ళ తుంపర పడుతున్న చోట అది పొడిగా ఉంది. చెయ్యి కిందికి జరిపితే నారలో గుడ్డ తగిలింది. రంగు తెలీలేదు అప్పటికి. తెలియక్కర్లేదు కూడా. ఆ గుడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నా వేళ్ళకి గుర్తే.

రెండుసార్లు లాగేను.

తాడులో వదులంతా మెల్లగా పైకి పోయింది. ఆగింది. అప్పుడు ఒక్క లాగు వచ్చింది.

ఏడవలేదు, అరవలేదు. ఒంట్లో అంత సత్తువ లేదు. ప్రసాద్‌ని తట్టి, బాబూ, తాడొచ్చింది అన్నాను. ఆయన పట్టుకుని వేలాడి చూసేడు, నిలిచింది. తల పైకెత్తి, ఎవరండీ పైన, ఎంతమంది ఉన్నారు అని అరిచేడు. మంచులోంచి జవాబు రాలేదు. ఊరివాళ్ళు వచ్చేరక్కా, నీళ్ళ హోరులో వినపడటం లేదు అన్నాడు. నేను తలూపేను.

సునీతని ముందు కట్టేం. కాలు మోపలేని పిల్ల, ఎక్కలేదు. రెండు లాగులు లాగేను, ఒక లాగు వచ్చింది, పిల్ల పైకి లేచిపోయింది. కుదుపు లేకుండా, బండకి కొట్టుకోకుండా. మంచులో కలిసిపోయింది. కాసేపటికి తాడు ఒట్టిది దిగింది.

తర్వాత నన్ను కట్టేరు. నడుంకి ఎర్ర గుడ్డ దగ్గర. అప్పటికి రంగు తెలుస్తోంది.

సగం దూరం పోయేక తాడు ఆగింది. పైవాడు చేతులు మార్చుకుంటాడు కదా, అలా. నేను గాల్లో ఉన్నాను. కింద వాళ్ళు కనిపించడం లేదు, పైన అంచు కనిపించడం లేదు. ఇన్నేళ్ళలో మేమిద్దరమే ఉన్నది అప్పుడే అనిపించింది. గొంతు లేదు, అయినా అడిగేను. నాకే వినపడనంత మెల్లగా.

"బుద్రూ, నువ్వు వదిలీసేవేటి?"

తాడు మెల్లగా బిగుసుకుంది. ఆగింది. ఒక్క లాగు వచ్చింది.

దానికి ఉన్నది ఒకటే అర్థం. పట్టుకున్నాను అని.

మళ్ళీ పైకి తీసేడు. నేను అంచు మీద బోర్లా పడి గడ్డి పట్టుకున్నాను. సునీత పక్కనే కళ్ళు మూసుకుని పడి ఉంది. తాడు మా మధ్యనుంచి పోయి వెనక పొదల్లోకి దూరి ఉంది. వెళ్ళి చూడాలని ఉంది. కింద ఇంకా ముగ్గురున్నారు. కట్టు విప్పి తాడు కిందికి వదిలేను. మొగాళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చేసేరు. చివరివాడు ఎక్కేటప్పటికి అరుగు నీళ్ళలో మునిగిపోయింది అని వాడే చెప్పేడు.

ప్రసాద్ దండం పెడుతూ పొదల్లోకి వెళ్ళేడు, వాళ్ళకి థాంక్స్ చెప్తానని. వెంటనే వెనక్కి వచ్చేడు. అక్కా, ఎవరూ లేరు అన్నాడు.

అప్పుడు లేచి వెళ్ళేను. తాడు ఒక మద్దిచెట్టుకి ఒక్క చుట్టు తిరిగి ఉంది. ముడి లేదు. కొస నేల మీద పడి ఉంది. అలా ఒక్క చుట్టు మీద పిల్లాడు కూడా ఆగడు, ఎవరో ఒకరు పట్టుకోకపోతే. చెట్టు వెనక తడి మట్టిలో మడమలు తన్నిపెట్టి కూర్చున్న గుంటలు రెండున్నాయి. కొత్తవి. అటు వచ్చిన అడుగులు గానీ, పోయిన అడుగులు గానీ లేవు. ప్రసాద్ వంగి కొస ముట్టుకున్నాడు. ముట్టుకుని చెయ్యి తీసేసి నా మొహం చూసేడు. నేనూ ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఆ చలిలో, పట్టుకున్న చేతుల వెచ్చన.

సునీతని అడిగేం. తనని పైకి లాగేక పొదల్లోంచి ఎవరో అలిసిపోయినవాళ్ళు ఊపిరి తీసుకుంటున్నట్టు వినబడిందట. నీళ్ళు కావాలా అని అడిగిందట ఆ పిల్ల.

ప్రసాద్ తాడు చుట్టి పట్టుకెళ్దామన్నాడు. వద్దన్నాను. అది ఇంటికి తెచ్చే తాడు కాదు అన్నాను. ఆయన తాడుని అక్కడే వదిలేసేడు. మధ్యాహ్నం మా ఊరివాళ్ళు చూడ్డానికి వెళ్తే చెట్టు దగ్గర ఏమీ లేదట. మడమల గుంటలు చూసేరు, అంతే.

పాకలవాళ్ళెవరూ రాలేదు. అందర్నీ అడిగేం. గంగులు తాత నొచ్చుకున్నాడు. "రెండుసార్లు పిలిసి ఊరుకుంటే నానెలా పలుకుతానే? నీకు తెల్దేటి?" అన్నాడు. తెలుసు తాతా, గొంతు లేదు అన్నాను.

నేను చేసిన పని ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం మా ఇంటాయన సమాధి దగ్గరికి వెళ్ళేను. రాళ్ళు ఎలా పేర్చినవి అలాగే ఉన్నాయి. రాయికీ రాయికీ మధ్య నాచు పట్టి ఉంది, ఎక్కడా చిట్లలేదు. ఎవరూ తవ్వలేదు. తాడు అందులో ఉంది. ఉండాలి.

పాస్టరుగారికి చెప్పేను. ఎర్రగుడ్డ ఎవరైనా కలిపి పేనుకోవచ్చమ్మా, దేవుడు ఏ మనిషినో పంపించేడు అన్నారు. కావచ్చు. ప్రసాద్ తర్వాత ఒకసారి వచ్చినప్పుడు, తేనెవాళ్ళు ఎవరో సాయం చేసి పోలీసులు అడుగుతారని వెళ్ళిపోయి ఉంటారు అన్నాడు. అదీ కావచ్చు. ఆ మాట చెప్తూ ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు.

బుద్రే వచ్చేడా? బతికుండి, ఊళ్ళోకి రాలేక, అడివిలోనే తిరుగుతూ నా గొంతు విని వచ్చేడా? మడమల గుంటలు చూస్తే అలాగే అనిపిస్తుంది. మరి భూమిలో ఉన్న తాడు వాడి చేతికి ఎలా వచ్చింది? అక్కడికొచ్చేసరికి నా ఆలోచన ఆగిపోతుంది. ఆపేస్తాను.

మా అత్తకి ఆ రోజే అంతా చెప్పేను. నేనేం అడిగేనో, తాడు ఏం చెప్పిందో కూడా. పొయ్యి ముందు కూర్చుని విన్నది. నా చేతుల్లోకి అంబలి గిన్నె తోసింది. "తాగు. ఒల్లు సల్లగా ఉంది" అంది.

తర్వాత తేనె రోజులు వచ్చేయి. మా మరిది బండ దిగి తేనె తెచ్చేడు, వాడికి వాడి బామ్మర్ది తాడు పట్టేడు. వంతులు వేసుకునేటప్పుడు ముసిల్ది లేచి లోపలికెళ్ళి ఒక గాజుసీసా కడిగి తెచ్చింది. మా ఇంటి వంతులోంచి సీసా నిండా పోసి బిరడా పెట్టి, అటక మీద పెట్టింది. ఎవరికని మా మరిది అడిగేడు.

"బుద్రుది" అంది. "ఆడి వంతు ఆడికి ఇయ్యలేదు కదా అప్పుడు."

ఆవిడ పోయి చాలా రోజులైంది. సీసా ఇంకా అటక మీదే ఉంది. ఏటా దించి తుడిచి మళ్ళీ పెడతాను. తేనె పాడవదు. బతికుంటే వచ్చి తీసుకుంటాడు. లేకపోతే, ఆ తాడూ, నా మొగుడూ, నా తమ్ముడూ ఒక్కచోటే ఉన్నారా అని ఎవరిని అడగాలో నాకు తెలీదు. అది కాక ఇంకేదైనా జరిగి ఉంటుందని మీకు తోస్తే నాకు చెప్పండి, వింటాను. ఇన్నేళ్ళైనా ఆ తెల్లారి ఏం జరిగిందో నాకు అంతుపట్టలేదు. వదిలేడు అని మాత్రం ఎవరైనా అంటే ఇంక నేను విస్తరి కట్టలు ఎత్తుకుని వచ్చెయ్యను. అక్కడే కూర్చుని, ఈ గొంతుతోనే, మొదటినుంచీ మొత్తం చెప్తాను.